నారుమడికి కూడా అభిమానులుంటారు

మా నాన్న అమెరికా వచ్చిన మూడో వారంలోనే ఒక బేస్‌బాల్ కుర్రాడికి వీరాభిమాని అయిపోయాడు. మేముండేది ఫ్రిస్కోలో. డాలస్‌కి ఉత్తరాన, కూరగాయలకని బయటికెళ్తే తెలుగు మాట చెవిన పడకుండా తిరిగి రావడం కష్టమైన ఊరు. పగలంతా ఎండకి తలుపులేసుకుని కూర్చోలేక విసుక్కుంటున్నాడని ఒక మంగళవారం సాయంత్రం మా ఊరి బేస్‌బాల్ జట్టు రఫ్‌రైడర్స్ ఆటకి తీసుకెళ్ళాను. తెనాలి పక్క పల్లెటూరి రైతు ఆయన. క్రికెట్ తప్ప వేరే ఆట తెలియదు. మొదటి గంటంతా ‘వీడెందుకు పరిగెత్తాడు, వాడెందుకు ఆగిపోయాడు’ అని నా ప్రాణం తీశాడు. రెండో గంటలో మూడో నంబరు బ్యాటర్ కొట్టిన బంతి కుడివైపు గోడ దాటి అవతలి నీళ్ళలో పడింది. అంతే. గురువారం మళ్ళీ వెళ్దామన్నాడు. శుక్రవారం తనే టోపీ పెట్టుకుని కారు దగ్గర నిలబడ్డాడు. ఆదివారం వెళ్ళేసరికి ఆ కుర్రాడు లేడు.

“ఒరేయ్, మన మూడో నంబరోడేడి?”

“లేడు నాన్నా. ప్రమోషన్ వచ్చింది. రౌండ్‌రాక్ పంపించేశారు.”

“ఎవరు పంపించారు?”

“రేంజర్స్ వాళ్ళు.”

“వాళ్ళెవర్రా మనోణ్ణి పంపించడానికి? మరి మన జట్టు గెలవద్దా?”

ఈ ఊరి జట్టుని ఏళ్ళ తరబడి చూస్తున్నాను. ఆ ప్రశ్న నేనెప్పుడూ అంత సూటిగా అడుక్కోలేదు. జట్టు గెలవాలని నిజంగా ఎవరికి ఉంది? టికెట్ కొన్నవాడికి ఉంది. పక్క సీటులో పెన్సిలుతో స్కోరు రాసుకునే పెద్దాయనకి ఉంది. ఆడే కుర్రాళ్ళకి కూడా ఉంటుంది గానీ, వాళ్ళ మనసులో అంతకన్నా పైన ఇంకో కోరిక ఉంటుంది. జట్టుని నిజంగా నడిపించేవాళ్ళకి మాత్రం గెలుపు ముఖ్యమైన పని కాదు. మైనర్ లీగ్ బేస్‌బాల్‌లో చిక్కుముడి ఇదే.

బేస్‌బాల్‌లో అన్నిటికన్నా పైనుండే మేజర్ లీగ్‌లో 30 జట్లున్నాయి. ఒక్కో జట్టు కింద నాలుగు మెట్లలో నాలుగు ఊళ్ళ మైనర్ లీగ్ జట్లు ఉంటాయి, కింది నుంచి పైకి: సింగిల్ ఎ, హై ఎ, డబుల్ ఎ, ట్రిపుల్ ఎ. నాలుగు ముప్పైలు నూట ఇరవై. అన్నిటికన్నా అడుగున, ప్రేక్షకులు పెద్దగా రాని శిక్షణ మైదానాల్లో పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళ పిల్లలు ఆడే లీగులు వేరే. మా రఫ్‌రైడర్స్ టెక్సస్ రేంజర్స్ కింద డబుల్ ఎ మెట్టు. అరిజోనాలో సర్‌ప్రైజ్ అనే ఊళ్ళోని శిక్షణ కేంద్రంలో మొదలైన కుర్రాడు నార్త్ కరోలినాలోని హికరీకి, అక్కణ్ణుంచి సౌత్ కరోలినాలోని స్పార్టన్‌బర్గ్‌కి, తర్వాత మా ఫ్రిస్కోకి, ఆ పైన ఆస్టిన్ పక్కనున్న రౌండ్‌రాక్‌కి, అదృష్టం బాగుంటే ఆర్లింగ్టన్‌లోని రేంజర్స్ స్టేడియానికి చేరతాడు. ఫ్రిస్కో నుంచి ఆర్లింగ్టన్‌కి ట్రాఫిక్ లేకపోతే కారులో ముప్పావు గంట. జాక్ లైటర్ అనే పిచర్‌కి (మన బౌలర్‌లా బంతి విసిరేవాడు) మాత్రం 2022 ఏప్రిల్ నుంచి 2024 ఏప్రిల్ దాకా రెండేళ్ళు పట్టింది. వ్యాట్ లాంగ్‌ఫర్డ్ అనే బ్యాటర్ 2023లో పట్టుమని పదిహేను ఆటలన్నా ఆడకుండానే మా ఊరు దాటేసి, మరుసటి ఏడాది మొదటి రోజునే రేంజర్స్ తరఫున బరిలోకి దిగాడు. ఆ పదిహేను లోపు ఆటల్లో ఒకటి చూశామని చెప్పుకునేవాళ్ళు ఇప్పుడు మా ఊళ్ళో స్టేడియంలో పట్టనంతమంది ఉన్నారు.

ఇదంతా ఇంటికొచ్చే దారిలో నాన్నకి చెప్పాను. కాసేపు కిటికీలోంచి చూసి, “అంటే ఇది నారుమడన్నమాట” అన్నాడు. “నారు పోస్తారు, పెంచుతారు, అదను రాగానే పీకి కట్టలు కట్టి వేరే చేలో ఊడుస్తారు. నారుమడిలో కోత కొయ్యరు గదా.” ఇక్కడివాళ్ళు కూడా దీన్ని ఫార్మ్ సిస్టమ్ అనే అంటారని అప్పటికి నేనాయనకి చెప్పలేదు.

నారుమడి ఎవరిది, నారు ఎవరిది అన్న చోట వస్తుంది అసలు తిరకాసు. రఫ్‌రైడర్స్ జెర్సీ వేసుకున్న ఏ ఆటగాడికీ రఫ్‌రైడర్స్‌తో ఒప్పందం ఉండదు. అందరూ రేంజర్స్ ఉద్యోగులు. జీతం రేంజర్స్ ఇస్తుంది. మేనేజరూ కోచులూ ఫిజియోలూ వాళ్ళు పంపినవాళ్ళే. ఎవరు ఏ స్థానంలో ఆడాలో, పిచర్ ఎన్ని బంతులు వెయ్యాలో పైనుంచే వస్తుంది. స్టేడియం నగరపాలక సంస్థది. మరి స్థానిక ఓనరుకేం మిగిలింది? టికెట్లు, హాట్‌డాగులు, బీరు, గోడల మీద ప్రకటనలు, శుక్రవారం రాత్రి బాణసంచా. ఆట ఆయన చేతిలో లేదు, అందుకని ఆట తప్ప మిగతావన్నీ శ్రద్ధగా అమ్ముతాడు. నాన్న అభిమాన బ్యాటర్ బంతి పడిన నీళ్ళు అలాంటివే. 2016లో కుడివైపు గోడ వెనక ఒక లేజీ రివర్ కట్టారు. జనం అందులో ట్యూబుల మీద తేలుతూ ఆట చూస్తారు. “స్టేడియంలో కాలవ తవ్వుకున్నారేంట్రా” అని డెల్టా రైతు ఆశ్చర్యపోయాడు.

మన రంజీతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. ఆంధ్ర జట్టుని ఆంధ్ర క్రికెట్ సంఘం ఎంపిక చేస్తుంది, గెలిస్తే ఆ కప్పు ఆంధ్రాది. విజయవాడలో ఆడుతున్న కుర్రాణ్ణి బుధవారం పొద్దున చెన్నై ఫ్రాంచైజీవాళ్ళు ఫోన్ చేసి ‘నిన్ను ఇంకో ఊరి జట్టుకి మార్చాం, మధ్యాహ్నం విమానం’ అని చెప్పరు. ఇక్కడ అదే మామూలు.

మొదట్నుంచీ ఇలా లేదు. మా రఫ్‌రైడర్స్ ఆడే టెక్సస్ లీగ్ 1888లో పుట్టింది. అప్పట్లో ఈ ఊళ్ళ జట్లన్నీ స్వతంత్రమైనవి. మంచి ఆటగాణ్ణి వెతికి పట్టుకుని, పేరొచ్చాక పెద్ద జట్టుకి అమ్ముకుని బతికేవి. ఈ సంతలో డబ్బున్న జట్టుదే పైచెయ్యి. సెయింట్ లూయిస్ కార్డినల్స్‌ని నడిపిన బ్రాంచ్ రికీ దగ్గర డబ్బు లేదు గానీ తెలివి ఉంది. పంట కొనలేనివాడు పొలం కొనుక్కుంటే సరిపోతుంది కదా అనుకున్నాడు. 1920 నాటికే మా టెక్సస్ లీగ్‌లోని హ్యూస్టన్ జట్టులో వాటా కొన్నాడు. తర్వాత ఒక్కో ఊరూ చేర్చుకుంటూ పోతే, రెండు దశాబ్దాల్లో కార్డినల్స్ చేతి కింద ముప్పైకి పైగా జట్లు చేరాయి. న్యాయమూర్తి పీఠం నుంచి వచ్చి బేస్‌బాల్ కమిషనర్ అయిన కెన్నెసా మౌంటెన్ లాండిస్‌కి ఇది నచ్చలేదు. ఒకే లీగ్‌లోని పలు జట్ల మీద ఒకే యజమాని చెయ్యి ఉంటే ఆ లీగ్‌లో పోటీకి అర్థమేముందని ఆయన వాదన. 1938లో కార్డినల్స్ కింద ఉన్న డెబ్బై మందికి పైగా ఆటగాళ్ళని ఒక్క ఉత్తర్వుతో విడిపించేశాడు. అయినా రికీ పద్ధతే నిలిచింది, అందరూ అదే పట్టారు. లాండిస్ అడిగిందీ మా నాన్న అడిగిందీ ఒకటే ప్రశ్న. ఇద్దరికీ జవాబు రాలేదు.

గెలుపు ముఖ్యం కాకపోతే మైదానంలో ఏం జరుగుతుందో చూడండి. తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆటలో పిచర్ ఆరో ఇన్నింగ్స్ దాకా ఒక్క హిట్టు కూడా ఇవ్వలేదు, అంటే ఏ బ్యాటరూ బంతి కొట్టి బేస్ చేరలేదు. స్టేడియం అంతా గుసగుసలు. లెక్క ఎనభై బంతులు దాటిందని మేనేజర్ బయటికొచ్చి బంతి తీసేసుకుంటాడు. పక్క సీటు పెద్దాయన పెన్సిలు పుస్తకం మీద పడేసి చేతులు కట్టుకుంటాడు. మేనేజర్ తప్పేం లేదు. ఆ భుజానికి రేంజర్స్ లక్షల డాలర్లు పెట్టింది, మంగళవారం ఫ్రిస్కోలో వచ్చే పేరు కోసం దాన్ని పణంగా పెట్టరు. ఇంకో రోజు గాయం నుంచి కోలుకుంటున్న మేజర్ లీగ్ స్టార్ ఒకడు రెండు రోజుల కోసం దిగొస్తాడు. ఆ రాత్రి కుర్రాళ్ళందరికీ మంచి భోజనం తెప్పించడం అలా వచ్చినవాడి ఆనవాయితీ, అందుకని వాళ్ళు ఆయన కోసం ఆశగా ఎదురుచూస్తారు. ఆయన వచ్చినందుకు బెంచీ మీద కూర్చోవాల్సి వచ్చినవాడు కూడా. కొత్త రూలు ఏది పెట్టాలన్నా ముందు మా మీదే పరీక్ష. ఇన్ని సెకన్లలో బంతి వెయ్యాలని పిచర్‌కి గడియారం పెట్టడం పెద్ద లీగ్‌లోకి 2023లో వచ్చింది. డబుల్ ఎ, ట్రిపుల్ ఎ వాళ్ళు 2015లోనే ఆ గడియారాన్ని చూసి తిట్టుకున్నారు.

వీటన్నిటికన్నా కొత్తవాళ్ళని తికమక పెట్టేది సీజన్‌ని రెండుగా చీల్చే పద్ధతి. డబుల్ ఎలో ఏడాదికి 138 ఆటలు. జూన్ ఆఖరుకి మొదటి సగం అయిపోతుంది, పట్టిక చెరిపేసి మళ్ళీ సున్నా నుంచి మొదలు. మొదటి సగంలో డివిజన్ గెలిచినవాళ్ళకి సెప్టెంబరు ప్లేఆఫ్స్‌లో చోటు ఖాయం. రెండో సగంలో గెలిచినవాళ్ళు వాళ్ళతో ఆడతారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ మొదటి సగం గెలిపించినవాళ్ళు బాగా ఆడారు కాబట్టే గెలిచారు, బాగా ఆడారు కాబట్టే జులైలో పైకి వెళ్ళిపోతారు. రెండో సగంలో కొత్త పిల్లలు వస్తారు, తడబడతారు, పట్టికలో అడుగుకి జారతారు, అయినా సెప్టెంబరులో ప్లేఆఫ్స్ ఆడతారు. జూన్‌లో అన్నం వండినవాడొకడు, సెప్టెంబరులో తినేవాడొకడు. జెర్సీ మాత్రం ఒకటే. నిజానికి ఈ పద్ధతి అభిమాని కోసమే పెట్టారని నా అనుమానం. మంచివాళ్ళందరూ వెళ్ళిపోయాక ఆగస్టు ఎండలో స్టేడియానికి రావడానికి ఏదో ఒక కారణం ఉండాలి కదా.

2022లో రఫ్‌రైడర్స్ టెక్సస్ లీగ్ గెలిచారు, 2004 తర్వాత మొదటిసారి. ఆ ఏడాది మొత్తం కష్టపడినవాళ్ళలో లైటర్ ఉన్నాడు. జట్టు గెలుపోటములు పిచర్ ఖాతాలో కూడా రాస్తారు, అతని అంకెలు చూస్తే జాలేస్తుంది, మూడు గెలుపులు, పది ఓటములు. ఎవన్ కార్టర్ అనే కుర్రాడు సీజన్ చివర్లో హికరీ నుంచి వచ్చి, ఆరు ఆటలాడి, ప్లేఆఫ్స్‌లో దిగాడు. ఇద్దరికీ కప్పు దక్కింది. ఆ రాత్రి మేం గొంతు పోయేలా అరిచాం. అది ఎవరి గెలుపు అని ఎవరైనా అడిగుంటే ఆ క్షణంలో తన్నేవాళ్ళం.

డబ్బు సంగతి చెప్పకపోతే ఈ కథ సగమే. 2022 దాకా డబుల్ ఎ ఆటగాడి జీతం ఏడాదికి సుమారు 13,800 డాలర్లు. మా ఊళ్ళో ఒక పడక గది అపార్ట్‌మెంట్ అద్దెకే చాలదు. నలుగురైదుగురు ఒకే ఇంట్లో గాలి పరుపుల మీద పడుకునేవాళ్ళు. చాలా ఊళ్ళలో అభిమానుల కుటుంబాలే ఒక కుర్రాణ్ణి సీజనంతా ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టేవి. హోస్ట్ ఫ్యామిలీ అంటారు. వెనిజులా నుంచో డొమినికన్ రిపబ్లిక్ నుంచో వచ్చిన పిల్లాడు ఇంగ్లీషు నేర్చుకున్నది అలాంటి వంటింట్లోనే అయ్యుంటుంది. 2022 నుంచి బస ఏర్పాటు మేజర్ లీగ్ జట్లే చెయ్యాలన్న నియమం వచ్చింది. ఆ ఏడాదే మైనర్ లీగ్ ఆటగాళ్ళు మేజర్ లీగ్ ఆటగాళ్ళ యూనియన్లో చేరారు, వేతనాల కేసులో 18 కోట్ల 50 లక్షల డాలర్లకి రాజీ కుదిరింది. 2023లో కుదిరిన మొదటి ఒప్పందంతో డబుల్ ఎ జీతం 30,250 డాలర్లకి పెరిగింది, ట్రిపుల్ ఎ జీతం 35,800కి. ఎన్నాళ్ళుగానో జరగాల్సిన మంచి పని. దీంతో హోస్ట్ ఫ్యామిలీలు చాలావరకు కనుమరుగయ్యాయి. మా పక్క సీటు పెద్దాయన భార్య ఇప్పటికీ క్రిస్మస్ కార్డులు పంపే ఆటగాళ్ళ పేర్లు వరసగా చెబుతుంది. ఆ కుర్రాళ్ళకి న్యాయం జరిగిందని సంతోషిస్తూనే, ఇల్లు బోసిపోయిందంటుంది.

అదే 2023లో మేజర్ లీగ్ కనీస జీతం 7 లక్షల 20 వేల డాలర్లు. ఒక్క మెట్టు తేడాలో ముప్పై ఐదు వేలు ఏడు లక్షలవుతుంది. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో జట్టు ఓడిపోతున్నా బ్యాటర్ బంతిని అంత జాగ్రత్తగా ఎందుకు వదిలేస్తున్నాడో ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే అర్థమవుతుంది. స్కోరుబోర్డు మీది ఆట వేరు, అతను ఆడే ఆట వేరు.

ఇక కుర్రాళ్ళు వెళ్ళిపోవడం ఒక బాధైతే, జట్టే వెళ్ళిపోవడం ఇంకో బాధ. 2020లో కోవిడ్ వల్ల మైనర్ లీగ్ సీజన్ మొత్తం రద్దయింది. అదే ఏడాది మేజర్ లీగ్‌కీ మైనర్ జట్లకీ మధ్య ఉన్న పాత ఒప్పందం గడువు తీరింది. కొత్త ఒప్పందంలో మేజర్ లీగ్ 160 జట్లని 120కి కుదించేసింది. మిగిలినవాళ్ళకి పదేళ్ళ లైసెన్సు, దాంతో పాటు స్టేడియం లైట్లు ఇంత ఉండాలి, డ్రెస్సింగ్ రూము అంత ఉండాలి అని ఒక చిట్టా. ఖర్చు ఊరిదో ఓనరుదో. అమెరికాలో వేరే ఏ వ్యాపారం ఇంత ఏకపక్షంగా నలభై ఊళ్ళని తోసిపారేసినా గుత్తాధిపత్య నిరోధక చట్టం కింద కోర్టులో నిలబడాల్సి వచ్చేది. ఆ చట్టం బేస్‌బాల్‌కి వర్తించదని సుప్రీంకోర్టు 1922లోనే చెప్పింది.

టెన్నెస్సీలో ఎలిజబెత్టన్ అనే చిన్న ఊరుంది. ఇందాక చెప్పిన ఎవన్ కార్టర్ది ఆ ఊరే. జట్లు కొత్త కుర్రాళ్ళని వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2020లో రేంజర్స్ అతన్ని రెండో రౌండులోనే తీసుకుంటే, ఎవరీ కుర్రాడని విశ్లేషకులు కాగితాలు వెతుక్కున్నారు. ఊరి పిల్లాడు పెద్ద లీగ్ మెట్లెక్కడం మొదలుపెట్టిన ఆ ఏడాదే ఆ ఊరి జట్టు ఎలిజబెత్టన్ ట్విన్స్ పేరు 120 జాబితాలో లేకుండా పోయింది. ఇప్పుడు అక్కడ వేసవి సెలవుల్లో కాలేజీ పిల్లలు ఆడతారు. కార్టర్ మాత్రం 2023 సెప్టెంబరులో ఆర్లింగ్టన్ చేరి, రెండు నెలలు తిరక్కుండా రేంజర్స్‌తో మేజర్ లీగ్ కప్పు వరల్డ్ సిరీస్ గెలిచాడు.

మా ఊరికీ చేతులు శుభ్రంగా లేవు. 2003లో రఫ్‌రైడర్స్ ఆకాశంలోంచి ఊడిపడలేదు. లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్ జట్టుని కొని, పేరు మార్చి ఇక్కడికి తెచ్చారు. అక్కడి స్టేడియం కాలక్రమాన పాడుబడి గబ్బిలాలకి నెలవైంది. రేంజర్స్ కింద సింగిల్ ఎలో ఉండే నార్త్ కరోలినాలోని కిన్‌స్టన్ జట్టు 2024తో ఆ ఊరు ఖాళీ చేసి, కొత్త స్టేడియం కట్టిన స్పార్టన్‌బర్గ్‌కి వెళ్ళిపోయింది. కిన్‌స్టన్‌కి ఇది మొదటిసారి కూడా కాదు, 2011లోనే ఒక జట్టుని పోగొట్టుకుంది. ఇప్పుడు పదుల కొద్దీ మైనర్ జట్లు డైమండ్ బేస్‌బాల్ హోల్డింగ్స్ అనే ఒకే కంపెనీ చేతిలో ఉన్నాయి. లాండిస్ ఉంటే ఏమనేవాడో.

ఆ 120 బయట ఉండే స్వతంత్ర లీగులు ఇంకో ప్రపంచం. పైన తల్లి జట్టు ఉండదు, పీకేసేవాడూ ఉండడు, కాపాడేవాడూ ఉండడు. మాకు దక్షిణాన గ్రాండ్ ప్రెయిరీలో 2008 నుంచి ఎయిర్‌హాగ్స్ అనే అలాంటి జట్టొకటి ఆడేది. అది మూతపడ్డాక స్టేడియాన్ని క్రికెట్‌కి మార్చారు. 2023లో మేజర్ లీగ్ క్రికెట్ మొదలైంది అక్కడే, 2024 ప్రపంచ కప్పులో అమెరికా పాకిస్తాన్‌ని సూపర్ ఓవర్లో ఓడించిందీ అక్కడే. ఆ మైదానంలో విజిల్ వేసిన మన తెలుగువాళ్ళలో ఎంతమందికి తెలుసో గానీ, వాళ్ళ కాళ్ళ కింద ఒక బేస్‌బాల్ ఊరి జ్ఞాపకం ఉంది.

కుమార్ రాకర్ అనే పిచర్ సంగతికి రావాలంటే ఈ స్వతంత్ర లీగుల మీదుగానే రావాలి. తండ్రి అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు ట్రేసీ రాకర్, తల్లి లలిత. అమ్మమ్మ తాతయ్యలు ఇండియా నుంచి వలసొచ్చినవాళ్ళు. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయానికి ఆడుతూ 2019లో ఒక ఆటలో ఒక్క హిట్టూ ఇవ్వకుండా 19 మందిని స్ట్రైక్ అవుట్ చేశాడు, అంటే బంతి ఆడలేకుండా చేసి వెనక్కి పంపాడు. 2021 డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ మెట్స్ పదో నంబరుగా ఎంపిక చేసుకుంది గానీ, వైద్య పరీక్షల తర్వాత చెయ్యి చూసి వెనకడుగు వేసి ఒప్పందమే ఇవ్వలేదు. ఏ జట్టూ లేనివాడు ఎక్కడ ఆడతాడు? ట్రై-సిటీ వ్యాలీక్యాట్స్ అని న్యూయార్క్ రాష్ట్రంలో ఒక జట్టు. అదీ 2020 కోతలో పోయిందే, మేజర్ లీగ్ మీద కోర్టుకెక్కిన వాటిలో ఒకటి. సుప్రీంకోర్టు దాకా వెళ్ళబోయి 2023లో రాజీ పడింది. బయటికి గెంటేసిన జట్టు, బయటే నిలబెట్టిన పిచర్. 2022లో రాకర్ అక్కడ ఐదు ఆటలాడాడు. ఆ వెంటనే రేంజర్స్ మూడో నంబరుగా తీసుకుంది. 2023లో మోచేతికి ఆపరేషన్. 2024 వేసవిలో ఫ్రిస్కో వచ్చాడు.

కుమార్ అనే పేరు స్కోరుబోర్డు మీద కనిపిస్తుందనేసరికి మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు ఊగిపోయింది. బేస్‌బాల్ అంటే మొహం తిప్పుకునేవాళ్ళు కూడా ‘మనోడేనా’, ‘తెలుగా, తమిళా’, ‘ఇంటిపేరేంటి’ అని మొదలుపెట్టారు. ఆరు కుటుంబాలం కలిసి శనివారానికి టికెట్లు కొన్నాం, పిల్లలతో అట్టముక్కల మీద పేరు రాయించాం. మంగళవారం నుంచి ఆదివారం దాకా ఒకే ప్రత్యర్థితో ఆరు ఆటలు, మొదట బంతి వేసే పిచర్ వంతు వారానికొక్కసారే అని అందరికీ పాఠాలు చెప్పేవాణ్ణి నేనే. అతను ఆ వారం వంతు ముందే వేసేసుకున్నాడు. శనివారం డగౌట్‌లో కూర్చుని గింజలు నములుతూ కనిపించాడు. “మీరు ఫ్యానే కదన్నా, చూసుకోవద్దా?” అన్నాడు పక్కింటి కుర్రాడు. వచ్చే వారం చూద్దాంలే అన్నాను. కొద్ది రోజులకే రౌండ్‌రాక్ వెళ్ళిపోయాడు, సెప్టెంబరు 12న సియాటిల్ మీద మేజర్ లీగ్‌లో మొదటి ఆట ఆడేశాడు. మా అట్టముక్కలు గ్యారేజీలో ఉన్నాయి.

అందుకే ఈ ఆటకి అభిమాని అయినవాడు పాయింట్ల పట్టిక కన్నా ముందు ట్రాన్సాక్షన్స్ పేజీ చూస్తాడు. ఎవరు పైకి, ఎవరు కిందికి, ఎవరికి గాయం, ఎవరికి ఉద్వాసన, అన్నీ ఒక్కో వాక్యంలో ఉంటాయి. వాక్యం వెనక మనిషిని తెలుసుకోవాలంటే మాత్రం స్టేడియానికి రావాలి. మా స్టేడియంలో బుల్‌పెన్‌లు ప్రేక్షకుల సీట్ల మధ్యలోనే ఉంటాయి. పిచర్ ఒళ్ళు వేడెక్కించుకుంటుంటే చేతికందేంత దూరంలో నిలబడొచ్చు. నాన్నని మొదటిసారి అక్కడ నిలబెట్టినప్పుడు, గంటకి నూటయాభై కిలోమీటర్ల బంతి క్యాచర్ గ్లవ్‌లో పడ్డ చప్పుడికి ఒక అడుగు వెనక్కేశాడు. టపాసు కాదు, తడి బట్ట బండమీద ఉతికినట్టు. “టీవీలో ఇది వినపడదురా” అన్నాడు. ఆ పిచర్ వయసు ఇరవై రెండు. మెడ మీద చెమట, చొక్కా కాలరు కొరకడం, బంతి సరిగ్గా పడనప్పుడు స్పానిష్‌లో తనని తానే తిట్టుకోవడం, అన్నీ కనిపించాయి, వినిపించాయి.

పక్క సీటు పెద్దాయన స్కోరు పుస్తకం ఒకసారి తిరగేశాను. ఆటల లెక్కలయ్యాక వెనక పేజీల్లో వచ్చిన ప్రతి ఆటగాడి పేరూ ఉంది. పేరు పక్కన వచ్చిన తేదీ, వెళ్ళిన తేదీ, ఒక గుర్తు. పైకెళ్తే పైకి బాణం, కిందికి పంపితే కిందికి బాణం, తీసేస్తే చిన్న సున్నా. సున్నాలే ఎక్కువున్నాయి. కొన్ని పైబాణాల పక్కన కిందిబాణం, మళ్ళీ పైబాణం. ఇంత మందిని ఎందుకు రాస్తారని అడిగాను. వెళ్ళేటప్పుడు వాళ్ళు చెప్పి వెళ్ళరు కదా అన్నాడాయన.

నాన్న ఇండియా వెళ్ళిపోయినా ఫోన్ మానలేదు. ఇక్కడ సాయంత్రం ఏడింటికి ఆట మొదలైతే తెనాలిలో తెల్లవారుజాము ఐదున్నర. పాలు తీసుకుని వచ్చి కాఫీ తాగుతూ చేస్తాడు. పోయిన నెల ఒక రోజు ట్రాన్సాక్షన్స్‌లో ఆ మూడో నంబరు కుర్రాడి పేరు కనిపించింది. రౌండ్‌రాక్‌లో బ్యాటు సరిగ్గా తగలడం లేదట, ఫ్రిస్కోకి తిప్పి పంపారు. ఆ కుర్రాడు ఆ రాత్రి ఏ మొహంతో బ్యాగు సర్దుకుని మూడు గంటల దారి వచ్చుంటాడో నాకు తెలుసు.

“మనోడు వచ్చేశాడా!” అన్నాడు నాన్న. గొంతులో పండగ.

అది మంచి వార్త కాదని చెప్పబోయాను. నాకూ లోపల అంతే సంతోషంగా ఉందని అప్పుడే తెలిసింది.

“వచ్చాడు నాన్నా. ఈ ఆదివారం ఆడతాడు.”

“వెళ్ళు మరి. కాలవలో పడేలా కొట్టమని చెప్పు.”